ఎత్తని చెయ్యి

"ఇదిగో, ఇంకోటి వచ్చింది. చదవనా?" అంది నగ్వా, ఫోన్ మొగుడి మొహం ముందుకు చాచి.

"వద్దు" అన్నాడు రవూఫ్.

"వద్దంటే ఎలా? విను. 'నగ్వా, మీ ఇంజీ బంగారం. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలుంటారా! చూస్తుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.' రాసిందెవరనుకున్నావ్? జుమానా వాళ్ళమ్మ! తన కూతురికి జట్టులో చోటు దొరికింది, నీళ్ళు తిరక్కేం చేస్తాయి?"

ఫోన్‌ని బల్ల మీద బోర్లా పడేసింది. అది మళ్ళీ బుర్రుమంది. పొద్దున ఆట అయిపోయినప్పట్నుంచీ క్లబ్బులో తల్లులందరూ వంతులేసుకుని పొగుడుతున్నారు. ఓడిపోయిన పిల్లను పొగడ్డానికి జనానికి ఎక్కడలేని ఓపికా వస్తుంది.

బల్ల మీద అన్నం, రొట్టెలు, కోడి వేపుడు, ములూఖియా పులుసు చల్లారిపోతున్నాయి. మామూలుగా అయితే ఆ ఆకుపులుసులో వెల్లుల్లి తాలింపు వేసేటప్పుడు నగ్వా 'హా' అని గట్టిగా ఊపిరి పీలుస్తుంది. అలా పీల్చకపోతే రుచి రాదని అలెగ్జాండ్రియా ఆడవాళ్ళందరి నమ్మకం. ఇవాళ పీల్చలేదు. రుచి రాకపోతే మానె, తినేదెవరు కనక అనుకుంది.

ఇంజీ తన గదిలో గోడవైపు తిరిగి పడుకునుంది. ఆటకు వేసుకున్న తెల్ల బట్టలు విప్పలేదు. బూట్లు కూడా విప్పలేదు. తల్లి రెండుసార్లు తలుపు తట్టింది, తండ్రి ఒకసారి తట్టాడు. "తర్వాత తింటా" అన్న మాట తప్ప మరో మాట లేదు.

పొద్దున మనారా క్లబ్బులో జరిగిందేమిటో ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ చెప్పుకోలేదు గానీ, ముగ్గురి కళ్ళ ముందూ అదే తిరుగుతోంది. ప్రపంచ జూనియర్ పోటీలకు వెళ్ళే స్క్వాష్ జట్టులో నలుగురమ్మాయిలు. ముగ్గురి పేర్లు తేలిపోయాయి. నాలుగో చోటు ఇంజీదా, జుమానాదా అన్నది ఈ ఒక్క ఆటతో తేలాలి. ఇంజీకి పద్దెనిమిది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

అయిదో గేమ్. పదీ తొమ్మిది, ఆధిక్యం ఇంజీది. ఇంకొక్క పాయింటు చాలు. జుమానా ముందు గోడ మూలకు సుతారంగా వదిలిన బంతిని ఇంజీ పరుగున వెళ్ళి, దాదాపు నేల మీద పడి అందుకుంది. జుమానా తిరిగి కొట్టలేకపోయింది. ఆట ఇంజీదే అన్నాడు పైన కూర్చున్న రిఫరీ. గ్యాలరీ లేచి నిలబడింది. నగ్వా పక్కనున్నావిడ ఎవరో కూడా చూడకుండా కావలించుకుంది.

అప్పుడు ఇంజీ చెయ్యెత్తింది.

"రెండోసారి తగిలిందండీ. నేను అందుకునేలోపే బంతి రెండోసారి నేలకు తగిలింది" అంది రిఫరీతో.

అలా తగిలాక కొడితే పాయింటు అవతలివాళ్ళదే. తగలడం రిఫరీ చూడలేదు. గ్యాలరీలో ఎవరూ చూడలేదు. ఎదురుగా ఉన్న జుమానాకే అనుమానం రాలేదు. అలాంటి బంతి సంగతి దాన్ని అందుకున్న చేతికొక్కదానికే తెలుస్తుంది. పాయింటు జుమానాకి వెళ్ళింది. తర్వాతి రెండూ కూడా వెళ్ళాయి. అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది.

"దానికి ఆ బుద్ధి నేర్పిందెవరు?" అంది నగ్వా.

"నేనే. అందులో తప్పేముంది?"

"నేర్పడంలో తప్పు లేదు. ఏ నోటితో నేర్పావని అడుగుతున్నా."

రవూఫ్ చప్పున కూతురి గది తలుపు వైపు చూశాడు. "మెల్లిగా" అన్నాడు.

ఆ కథ తెలియని పిల్లాడు మనారా క్లబ్బులో లేడు. ఇరవై రెండేళ్ళ కిందట దేశవాళీ పోటీల ఫైనల్లో, తన ప్రాణస్నేహితుడు వగీహ్ మీద గెలిచే పాయింటు దగ్గర, పిల్లలంతా కెప్టెన్ అని పిలిచే కోచ్ రవూఫ్ తనంతట తానే చెయ్యెత్తి బంతి రెండోసారి తగిలిందని ఒప్పుకున్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. అయినా తర్వాతి రెండు పాయింట్లూ ఆయనే గెలిచాడు, కప్పు ఎత్తుకున్నాడు. కొత్తగా చేరిన పిల్లలకు రాకెట్ పట్టుకోవడం నేర్పకముందే ఈ కథ చెబుతాడాయన. ఇంజీ అయితే రాకెట్ ఎత్తలేని వయసు నుంచీ వింది.

జరిగింది మాత్రం వేరు. బంతి రెండోసారి తగిలిన మాట నిజం. వగీహ్ ఆట ఆపేసి, స్నేహితుడు చెయ్యెత్తుతాడని చూస్తూ నిలబడిన మాట నిజం. రవూఫ్ చెయ్యెత్తలేదు. రిఫరీ ఆట ముగిసిందన్నాడు. ఆ కప్పుతో రవూఫ్‌కి జాతీయ జట్టు, ఎనిమిదేళ్ళ పాటు దేశదేశాల్లో ఆట, మోకాళ్ళు అరిగిపోయాక ఈ కోచ్ ఉద్యోగం, అన్నీ వచ్చాయి. వగీహ్ ఏడాది తిరక్కుండా ఆట మానేశాడు. ఇబ్రహీమియాలో చిన్న కొట్టు పెట్టుకుని రాకెట్లకు తీగలు బిగిస్తుంటాడు.

అబద్ధం ఆడాలని ఆడలేదు రవూఫ్. కోచ్‌గా చేరిన కొత్తలో ఒక పిల్లాడు అలాగే దొంగబంతి కొడితే, బుద్ధి చెప్పడానికి 'ఒకసారి నేను కూడా' అని మొదలుపెట్టాడు. చెయ్యవలసింది చేసినట్టుగా నోటికి వచ్చేసింది. మర్నాడు పిల్లలు మళ్ళీ చెప్పమన్నారు. ఏం చేస్తాం, మంచి కథ మరి.

"ఏమంటున్నావో నాకర్థం కావట్లేదు" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"అర్థం కాకేం? ఆ రోజు గ్యాలరీలో నేనున్నాను రవూఫ్."

రవూఫ్ చేతిలోని రొట్టెముక్క చేతిలోనే ఉండిపోయింది.

"మూడో వరసలో, మా అన్నయ్య పక్కన. అప్పటికి నువ్వెవరో కూడా నాకు తెలీదు. వగీహ్ ఆగిపోయి నీ మొహం చూశాడు. నువ్వు నేలకేసి చూశావ్. అలా చూస్తూనే ఉండిపోయావ్. సిగ్గున్న మనిషే అనుకున్నాను. అందుకే రెండేళ్ళ తర్వాత మీ అమ్మ పిల్లనడగడానికి వస్తే సరే అన్నాను."

"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క అనలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను. నువ్వేమో ఏడాదికొక చప్పట్ల మోత చేరుస్తూ పోయావ్. మొదట్లో జనం చప్పట్లు కొట్టారన్నావ్. తర్వాత లేచి నిలబడ్డారన్నావ్. మొన్న కొత్త బ్యాచ్ పిల్లలకి వగీహ్ వచ్చి నిన్ను కావలించుకున్నాడని కూడా చెప్పావట."

రవూఫ్ రొట్టెముక్కని కంచంలో పెట్టేశాడు.

"చెప్పుకో, నాకేం? పిల్లలకి మంచే జరుగుతోంది కదా అని ఊరుకున్నా. ఇవాళ మన పిల్లకి ఏం జరిగిందో చూశావుగా! జరగని దాన్ని నమ్మి చేతిలోది వదిలేసుకుంది. నిజం చెప్పు దానికి."

"ఇవాళ కాదు నగ్వా. ఇవాళ దానికి నేను తప్ప ఏం మిగిలింది? నన్ను కూడా లాగేస్తానంటావా?"

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

గది తలుపు తెరుచుకుంది. ఇద్దరూ గతుక్కుమన్నారు. ఇంజీ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఏమీ వినలేదని చూస్తేనే తెలుస్తోంది.

"కొంచెం అన్నం పెట్టనా తల్లీ?" అంది నగ్వా.

"ఊహూ. నాన్నా, ఒకటి అడుగుతా, కోప్పడకు."

"అడగమ్మా."

"చెయ్యెత్తాక రెండు పాయింట్లు ఎలా గెలిచావ్?"

రవూఫ్ కంచం పక్కకి జరిపాడు.

"నాకు చెయ్యెత్తగానే కాళ్ళు వణికాయి నాన్నా. ఎందుకెత్తానా అనిపించింది. నిజం చెప్తున్నా, అనిపించింది. ఆ ఆలోచనలో జుమానా సర్వీస్ కూడా సరిగ్గా చూడలేదు. మొదటిది పోయింది. రెండోది మొదలవకముందే పోయినట్టు తెలిసిపోయింది. నీకలా ఏం కాలేదుగా? చెయ్యెత్తి, నవ్వి, వెళ్ళి గెలిచావ్. గదిలో పడుకుని అదే ఆలోచిస్తున్నా. నీకున్నదేదో నాలో లేదు."

"అలా అనకమ్మా…"

"ఏడవట్లేదు నాన్నా. లెక్క తేలింది, అంతే. చేసింది ఒకటే పని. నువ్వు చేస్తే గెలిచావ్, నేను చేస్తే ఓడిపోయా. అంటే ఆట నాకు పనికిరాదు. ఇన్నేళ్ళు నువ్వు అనవసరంగా కష్టపడ్డావ్ నాతో."

నగ్వా మొగుడి వైపు చూసింది. ఇప్పుడు చెప్పు అన్న చూపు అది. రవూఫ్ నోరు తెరిచాడు. తెరిచాడు గానీ, తలుపు గంట మోగింది.

లేచిన వేగం చూస్తే గంట కొట్టినవాడికి ఆయన ఎంత రుణపడ్డాడో అనిపిస్తుంది. తలుపు తీసేసరికి ఆ వేగమంతా ఏమైందో! గడపలో వగీహ్ నిలబడి ఉన్నాడు. చేతిలో బస్బూసా మిఠాయి పొట్లం. తుంటి నొప్పికి ఒక పక్కకు ఒరిగి నిలబడే అలవాటు. ఇరవై రెండేళ్ళలో ఆ ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు.

"లోపలికి రానిస్తావా, ఇక్కణ్ణుంచే వెళ్ళమంటావా?" అన్నాడు.

"వగీహ్ బాబాయ్!" అంటూ ఇంజీ లేచొచ్చింది. పదేళ్ళ వయసు నుంచీ దాని రాకెట్లకు తీగలు బిగించేది ఆయనే.

"రా అన్నయ్యా, కూర్చో" అంది నగ్వా.

వగీహ్ కూర్చోలేదు. పొట్లం ఇంజీ చేతిలో పెట్టాడు. "పొద్దున కొట్టు మూసేసి వచ్చానమ్మా. అందరి వెనకా నిలబడి చూశాను. ఈ మాట నీకు చెప్పి పోదామనే వచ్చా. నీ చెయ్యి లేవడం చూశానే, అప్పుడు నాకు…" అంటూ ఆగిపోయాడు. జేబు రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "ముసలాణ్ణయిపోతున్నా. ఏం అనుకోకు."

"బాబాయ్, మీరే చెప్పాలి. మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? నాన్న చెయ్యెత్తాక ఆ రెండు పాయింట్లు ఎలా గెలిచాడు?"

కిందనుంచి ట్రామ్ వెళ్ళిన శబ్దం వచ్చి పోయింది. రవూఫ్ తల ఎత్తలేదు. వగీహ్ ఆయన్ని చూశాడు, నగ్వాని చూశాడు, ఆఖరికి ఉబ్బిన కళ్ళతో నిలబడిన పిల్లని చూశాడు.

"మొదటిది… వెనక మూలకి పొడుగ్గా కొట్టాడమ్మా. నేను చేరలేకపోయాను" అన్నాడు నెమ్మదిగా. "రెండోది నా తప్పే. ముందు గోడ కింది రేకుకి కొట్టేశాను."

"నాన్న కంగారు పడలేదా?"

"లేదమ్మా. పడలేదు."

నగ్వా కంచాలు టపటపా పేర్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒకటి కింద పడి పగిలింది. ఎవరూ వెళ్ళి చూడలేదు.

ఇంజీ తల ఊపింది. తను అనుకున్నదే నిజమని తేలిపోయినట్టుంది. గదిలోకి వెళ్ళి రాకెట్ల సంచీ తెచ్చింది. "ఇందులో మూడున్నాయి బాబాయ్. ఎవరికైనా అమ్మెయ్యండి. ఒకదానికి మొన్ననే మీరు తీగలు బిగించారు, చిన్నపిల్లలెవరికైనా ఊరికే ఇచ్చేసినా ఫర్లేదు" అంది.

"ఇంజీ!" అన్నాడు రవూఫ్.

"నిన్నేమీ అనట్లేదు నాన్నా. నువ్వు బాగానే నేర్పావ్."

వగీహ్ సంచీ భుజాన వేసుకున్నాడు. రవూఫ్ సాగనంపడానికి బయల్దేరాడు. నాలుగంతస్తులు దిగేవరకూ లిఫ్ట్‌లో ఇద్దరూ తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు. ఒకప్పుడు ఒకే గదిలో పడుకుని, ఒకే జత బూట్లు వంతులేసుకుని తొడుక్కున్నవాళ్ళు.

వీధి వాకిట్లోకి వచ్చాక రవూఫే ముందు మాట్లాడాడు. "నన్ను కాపాడావురా."

"నిన్నా? నిన్ను కాపాడ్డానికి నాకేం పట్టిందిరా! పిల్ల మొహం చూశాను. దానికి మిగిలింది ఆ ఒక్క కథే కదా అనిపించింది. ఎలా లాక్కోను?"

"నీకు తెలుసా? నేను చెప్పే…"

"తెలీకేం? నా కొట్టుకి వచ్చే ప్రతి పిల్లా అడుగుతుంది. 'వగీహ్ బాబాయ్, కెప్టెన్ చెయ్యెత్తినప్పుడు మీరేమనుకున్నారు?' అని. మొదటిసారి విన్నరోజు కోపం పట్టలేక చేతిలో ఉన్న రాకెట్ విరిచేశాను. ఎవరిదో పరాయి పిల్లాడిది, కొత్తది కొనివ్వాల్సొచ్చింది. తర్వాత అలవాటైపోయింది. 'చాలా సంతోషించానమ్మా' అంటాను."

రవూఫ్ గోడకు ఆనుకున్నాడు. "నన్ను నాలుగు తిట్టు వగీహ్. కొట్టినా సరే."

"ఎందుకూ? నీకు తేలికవడానికా? నేను ఆట మానేసింది కప్పు పోయినందుక్కాదురా. కప్పులు ఎన్ని పోలేదు! ఆ బంతి తర్వాత ఎవరితో ఆడినా, ఎత్తుతాడా ఎత్తడా అని అవతలివాడి చేతికేసి చూడ్డం అలవాటైంది. బంతిని చూడకుండా చేతుల్ని చూస్తే ఏం ఆడతాం? మానేశాను." వగీహ్ ఊపిరి తీసుకున్నాడు. "ఇరవై రెండేళ్ళుగా ఒక్కటే కోరికరా నాకు. ఆ చెయ్యి లేచుంటే ఎలా ఉండేదో చూడాలని. ఇవాళ చూశాను. అచ్చం నీ పోలికే, ఆ నిలబడ్డం అదీ. ఆడపిల్లలా అక్కడే ఏడ్చేశాను."

రవూఫ్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. అటుగా పోతున్న కూరగాయలవాడు బండి ఆపి చూసి, మళ్ళీ తోసుకుంటూ వెళ్ళాడు.

వగీహ్ భుజాన ఉన్న సంచీ తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇవి నేను అమ్మను. నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు. ఏం చెప్పి ఇస్తావో నీ ఇష్టం. ఒకసారంటే ఆడాను అబద్ధం. ఇంకోసారి అది అడిగితే ఆడలేను రవూఫ్. నాకు చేత కాదు."

కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

రవూఫ్ లిఫ్ట్ ఎక్కలేదు. సంచీ పట్టుకుని మెట్లు ఎక్కాడు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఎక్కాడు. మెట్టు మెట్టుకీ ఒక మాట కూర్చుకున్నాడు. చిన్నతనం, పేదరికం, ఆ రోజు గెలవకపోతే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియని భయం, అన్నీ వరసగా పేర్చుకున్నాడు. మూడో అంతస్తు దాటేసరికి అవన్నీ సాకులని ఆయనకే తెలిసిపోయింది.

ఇంజీ బల్ల తుడుస్తోంది. నగ్వా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"సంచీ ఇచ్చేశాడేం? వద్దన్నాడా?" అంది ఇంజీ.

"ఇంజీ, ఆ రోజు నేను చెయ్యెత్తలేదమ్మా."

పిల్లకి అర్థం కాలేదు. "ఏ రోజు?"

"వగీహ్‌తో ఆడిన రోజు. చెయ్యెత్తలేదు. చప్పట్లు లేవు, ఏమీ లేవు. వాడు ఆగి నా మొహం చూశాడు. నేను నేలకేసి చూశాను. రిఫరీ నేనే గెలిచానన్నాడు. కప్పు తీసుకుని వచ్చేశాను. మిగతాదంతా నేను కల్పించింది. ఆ రెండు పాయింట్లు ఎవరూ ఆడలేదమ్మా. నాకున్నది నీలో లేకపోవడం కాదు. నీకున్నదే నాలో లేదు. నీలా చెయ్యెత్తి ఉంటే నాకూ కాళ్ళు వణికేవి. నేనూ ఓడిపోయేవాణ్ణి."

గుడ్డ పట్టుకున్న చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది.

"బంతి రెండోసారి తగిలిందని నీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు."

"బాగా తెలుసా?"

"చేతికి తెలిసిందమ్మా."

ఏడుస్తుందనుకున్నారిద్దరూ. అరుస్తుందనుకున్నారు. ఆ పిల్ల తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నీకు తెలుసా?"

ఇందాకటిదాకా చెప్పు, చెప్పు అని మొగుడి ప్రాణం తీసిన నగ్వా కొంగు అంచు వెతుక్కుంటున్నట్టు తల గుడ్డ సర్దుకుంది. అటు చూసింది, ఇటు చూసింది.

"అంటే తెలుసన్నమాట. వగీహ్ బాబాయికీ తెలుసు. ఇందాక నా కళ్ళల్లోకి చూసి చెప్పాడు, వెనక మూలకి కొట్టాడని." గుడ్డని బల్ల మీద పడేసింది. "నా కోసమే చెప్పాడు కదూ? అందరూ నా కోసమే. నేను మాత్రం పిచ్చిదానిలా అంతమంది ముందు చెయ్యెత్తాను."

"నువ్వు చేసిందే సరైందమ్మా" అన్నాడు రవూఫ్.

"అది మీరు చెప్పకండి."

వంగి సంచీ అందుకుంది. భుజాన వేసుకుంది. పొద్దున్నుంచీ విప్పని బూట్ల తాళ్ళు చూసుకుని, ఒకదాన్ని బిగించి కట్టుకుంది.

"ఎక్కడికే?" అంది నగ్వా.

"ఇబ్రహీమియాకి. ఆ ఆట ఎలా జరిగిందో ఓడిపోయినాయన నోట వినాలి. ఈసారి అబద్ధం చెప్పొద్దని అడుగుతా."

రవూఫ్ తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. అడ్డుకుందామని కాదు, ఇందాక వచ్చి ఆగిన చోటే. కూతురు ఆయన ముందుకొచ్చి ఆగింది. కోర్టులో మిగతా పిల్లలతో పాటు పిలిచే పిలుపును ఇంట్లోకి ఎన్నడూ తేని పిల్ల, ఆయన మొహంలోకి సూటిగా చూసి అంది:

"కాస్త తప్పుకోండి, కెప్టెన్."

రవూఫ్ తప్పుకున్నాడు.